గుండ్లకమ్మలో మూడు రోజులు

పోయిన భాగం ఒంగోలు ప్రార్థన కొండ మీద ఆగింది. 1854 కొత్త సంవత్సరం నాడు తెల్లవారకముందే మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కారు. ఒంగోలుకు ఒక బోధకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగి దిగివచ్చారు. బోధకుడు వచ్చి అక్కడ కాపురం పెట్టేసరికి 1866 అయింది. ఆ తర్వాత పన్నెండేళ్లకు, ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. ఆ ఏడాది ముగిసేలోగా ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నవారు తొమ్మిదిన్నర వేలు దాటారు.

ఇది ఎవరు చేసిన పని? ఈ భాగమంతా ఆ ప్రశ్న గురించే.

మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఈ ప్రశ్న కొత్తది కాదు. రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు పేరు మీద వెలసిన కాలనీ ఇది. దసరాకి రావణ దహనం చూడడానికి ఊరు ఊరంతా మా మైదానానికే వస్తుంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన లైను 1931లో పూర్తయింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎందరో తెలుగువాళ్లు పని వెతుక్కుంటూ ఈ దిక్కుకు వచ్చారు. వాళ్లలో క్రైస్తవులు వెంట తెచ్చుకున్నవి బైబిలూ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమూ. కుటుంబ కూడికల్లో పెద్దవాళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు రెండు ధోరణులు వినబడతాయి. ఉపవాసముండి, మోకాళ్లూని, పట్టు వదలకుండా ప్రార్థిస్తేనే ఆత్మ దిగివస్తాడని ఒకరంటారు. మన చేతిలో ఏముంది, ఆయన లాగితేనే వస్తామని ఇంకొకరంటారు. ఇద్దరి దగ్గరా వాక్యం ఉంది. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం తెరిస్తే ఈ రెండూ పక్కపక్క వచనాల్లోనే కనబడతాయి. మీ రక్షణను మీరే భయంతో వణుకుతో కొనసాగించుకోండి అని పన్నెండో వచనంలో చెప్పి, మీలో ఇష్టాన్నీ క్రియనూ పుట్టించేది దేవుడే అని పదమూడో వచనంలో అంటాడు. క్రైస్తవ సంఘం పదిహేను వందల ఏళ్లకు పైగా ఈ రెండు వచనాల మధ్యే తర్జనభర్జన పడుతోంది.

ఆ చరిత్ర క్లుప్తంగా చెప్తాను. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాజియస్ అనే సన్యాసి, మనిషి తలచుకుంటే దేవుని ఆజ్ఞల ప్రకారం బతకగలడని అయిదో శతాబ్దం మొదట్లో బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్ దానికి అడ్డం తిరిగాడు. తలచుకోవడం కూడా కృప లేకుండా మనిషి వల్ల కాదన్నాడు. 418లో కార్తేజు సభ పెలాజియస్ బోధను తోసిపుచ్చింది. మొదటి అడుగు మనిషిది, మిగతాది దేవుడిది అనే మధ్యేమార్గాన్ని కూడా 529లో ఆరెంజ్ సభ ఒప్పుకోలేదు. వెయ్యేళ్ల తర్వాత అదే గొడవ మళ్లీ లేచింది. మనిషి ఇచ్ఛకు స్వేచ్ఛ ఉందని ఎరాస్మస్ 1524లో రాస్తే, మరుసటి ఏడు లూథర్ ఆ ఇచ్ఛ బానిస అని జవాబిచ్చాడు. మనిషి ఇచ్ఛకూ చోటుందన్న ఆర్మీనియస్ శిష్యుల మీద డచ్చివాళ్లు 1618–19లో డోర్ట్ సభ పెట్టి తీర్పు చెప్పారు. అంతటితోనూ అది ముగియలేదు.

తెలుగు పాఠకుడికి ఈ వాదం పరాయిది కాదు. శ్రీవైష్ణవులు ఇదే సంగతిని మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని చెప్పుకున్నారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. వాళ్లలో వడగలై శాఖవారు మొదటిదాని వైపు, తెంగలై శాఖవారు రెండోదాని వైపు మొగ్గారు. కంచిలోనూ శ్రీరంగంలోనూ జరిగిన వాదం, కార్తేజులోనూ డోర్ట్‌లోనూ జరిగిన వాదం ఒకదానికొకటి తెలియకుండానే ఒకే చోటికి వచ్చి నిలబడ్డాయి.

మన కథకు దగ్గరి ముడి 1792లో ఇంగ్లండులో పడింది. దేవుడు తానేర్పరచుకున్నవారిని తానే రక్షించుకుంటాడు, దూరదేశాలకు మనుషులను పంపడం దేనికి అనే బాప్తిస్టులు అప్పట్లో చాలామంది ఉండేవారు. చెప్పులు కుట్టి బతికిన విలియం కేరీ వాళ్లకు జవాబుగా ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అన్యుల మారుమనస్సు కోసం సాధనాలు వాడడం క్రైస్తవుల బాధ్యత అన్నది అందులో అతని వాదం. ఓడలు, వర్తకం, భాషలు, అచ్చుయంత్రం, అన్నీ ఆ సాధనాల కిందకే వస్తాయి. ఆ తర్వాత కేరీ బెంగాలుకు వచ్చాడు. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. ఆత్మ చేయాల్సిన పనికి మనిషి సాధనాలు ఏ మేరకు తోడ్పడతాయనే ప్రశ్నతోనే బాప్తిస్టు మిషన్లు పుట్టాయన్నమాట. ఆ ప్రశ్నకు గట్టి పరీక్ష ఒంగోలులో ఎదురైంది.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికావాడు. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, అయోవాలో పెరిగాడు. మినెసోటా అడవుల్లో ప్రభుత్వ భూముల సర్వే చేశాడు. గొలుసు, కొలతబద్ద పట్టుకుని పనివాళ్లను నడిపించడం తెలిసినవాడు. 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడాది ఒంగోలుకు మారాడు. అయితే ఒంగోలు కథ క్లౌతో మొదలు కాలేదు. నా లెక్కలో అది యర్రగుంట్ల పేరయ్యతో మొదలైంది.

పేరయ్య తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల పని చేసేవాడు. క్రైస్తవుడు కాకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ గురువులను ఆశ్రయించి యోగం అభ్యసించాడు. అంటే ముక్తి కోసం మనిషి చేయగల ప్రయత్నం ఏమిటో అతనికి అనుభవం మీద తెలుసు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి, గోదావరి వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాడు. 1866లో అతను, అతని భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. మా ఊరికి రమ్మని క్లౌను అతనే పిలిచాడు. 1867 జనవరిలో క్లౌ నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు చేరేసరికి, చుట్టుపక్కల పల్లెల జనం తిండీ పక్కబట్టలూ వెంట తెచ్చుకుని ఎదురుచూస్తున్నారు. అయిదు రోజులు ఉండి విని, వాళ్లలో 28 మంది బాప్తిస్మం పొందారు. దొర రాకముందే పేరయ్య ఆ పల్లెలన్నీ తిరిగి చెప్పాడు. దొర వెళ్లేసరికి పంట కోతకు వచ్చి ఉంది.

ఒంగోలులో అగ్రకులాల పిల్లలు కొందరు క్లౌ బడికి వచ్చేవాళ్లు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని వాళ్ల పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ ఏం చేయాలో తోచక తన గదిలో కొత్త నిబంధన తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం కంటబడిందట. లోకం లెక్కచేయనివారినే దేవుడు ఏర్పరచుకున్నాడని, ఆయన ఎదుట ఏ మనిషీ అతిశయపడకూడదని పౌలు చెప్పే చోటు అది. ఆ వేళకే వేరే గదిలో ఉన్న భార్య హారియట్ కూడా అదే పేజీ తెరిచిందని క్లౌ తన జీవితకథలో చెప్పుకున్నాడు. దాన్ని ఆత్మ నడిపింపు అన్నా, కాకతాళీయం అన్నా, దాని ఫలితంగా తీసుకున్న నిర్ణయం మాత్రం మనుషులదే. ఆ నిర్ణయంతో అగ్రకులాలు దూరమయ్యాయి. మాదిగ పల్లెలు దగ్గరయ్యాయి.

విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు అక్కడి సంఘం మూడు నియమాలు పెట్టింది. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలికే. అప్పటి పల్లెలో మాదిగ బతుకు ఎలా ఉండేదో చూస్తేనే వాటి బరువు తెలుస్తుంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, దాని తోలు తీయడం, చెప్పులూ బొక్కెనలూ కుట్టి రైతులకు ఇవ్వడం, జాతరకు డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా వెట్టికి పోవడం ఇవన్నీ అతని మీద ఊరు మోపిన పనులు. ఆదివారం రానన్నా, జాతరకు డప్పు కొట్టనన్నా ఊరితో తెగిపోయినట్టే. దెబ్బలు పడ్డాయి, కూలి ఆగింది, నీళ్లు బంద్ అయ్యాయి. కృప ఉచితమని విన్నవాళ్లు దానికోసం ఒంటి మీద వెల చెల్లించారు. క్రియల వల్ల కాదు విశ్వాసం వల్లే రక్షణ అని చెప్పే సంఘంలో ఈ నియమాలేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ నియమాలు రక్షణ సంపాదించడానికి పెట్టినవి కావు. తరతరాల వెట్టి నుంచి బయటపడ్డామని లోకానికి కనబడేలా చూపించే మార్గం అవి. ఇది నా అభిప్రాయం. ఆ పల్లెల వాళ్లు కూడా అలాగే అర్థం చేసుకుని ఉంటారని నమ్ముతున్నాను.

అంతలో ధాత కరువు వచ్చింది. 1876లో వానలు తప్పాయి. మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోయారు. 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటుతూ దర్బారు జరుపుతున్నాడు. అదే నెలలో అతను పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి, కరువు పనిలో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలునని తేల్చాడు. ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలల తర్వాత గానీ ఆ కొలత పెరగలేదు.

కరువు పనుల్లో పెద్దది బకింగ్‌హాం కాలువ. ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఒకప్పటి సర్వేయరు మళ్లీ పాత పనిలోకి దిగాడు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఆ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. పొద్దుటినుంచీ తట్టలో మట్టి మోసి మోసి మెడలు పీక్కుపోయిన ఆడా మగా మధ్యాహ్నం నీడకు చేరతారు. పొద్దున వాళ్లకు కొలత చూపించి పని పురమాయించిన మనిషే ఇప్పుడు వాళ్ల మధ్య కూర్చుని మాట కలుపుతాడు. అతను మాదిగే, వాళ్లూ మాదిగలే. ప్రయాసపడి భారం మోసేవాళ్లను తన దగ్గరికి రమ్మని యేసు పిలిచే మాట ఆ బోధకులు అక్కడ ఎక్కువగా చెప్పారట. నెత్తిమీది తట్ట దించి వింటున్నవాళ్లకు ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. అక్కడ విన్నవాళ్లు పని అయ్యాక ఎన్నో పల్లెలకు తిరిగి వెళ్లారు.

బాప్తిస్మం ఇవ్వమని జనం అడగసాగారు. క్లౌ ఇవ్వనన్నాడు. కరువు కాలమంతా, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి తన చేతి మీదుగా పోతోంది, కరువు సాయం సొమ్ము తన చేతి మీదుగా పంచుతున్నాడు. ఆ చేత్తోనే బాప్తిస్మం ఇస్తే ఎవరు దేనికోసం వచ్చారో తేలదు. ఒంగోలు చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనబడేది ఈ పదిహేను నెలల నిరాకరణే. లెక్కలు అమెరికాకు పంపాల్సిన మనిషి, పెద్ద అంకెలు చేతికి అందుతున్నప్పుడు చేయి వెనక్కి తీసుకున్నాడు. ప్రయత్నించడానికే కాదు, ప్రయత్నం ఆపుకోవడానికి కూడా మనిషికి నిగ్రహం కావాలి.

1878 జూన్ నాటికి వానలు పడ్డాయి, సాయం సొమ్ము అయిపోయింది. క్లౌ తన బోధకులను వెల్లంపల్లికి రమ్మని కబురు పెట్టాడు. ఇక పంచడానికి ఏమీ లేదని కూడా చెప్పించాడు. అయినా జనం వేలల్లో వచ్చారు. మాకు డబ్బు వద్దు, మా రెక్కల కష్టం మీద బతుకుతాం, బాప్తిస్మం మాత్రం ఇవ్వమని పట్టుబట్టారు. కరువులో చనిపోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు వాళ్లు. ఏ పల్లె నుంచి ఎవరు వచ్చారో, వాళ్ల విశ్వాసం ఎలాంటిదో చెప్పాల్సింది ఆ పల్లె బోధకుడే. విచారణ అయ్యాకే పేరు ఎక్కింది.

జులై 3న పొద్దున ఆరు గంటల వేళ మొదలుపెట్టారు. బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో నిలబడ్డారు. వాళ్లు అలసిపోతే మరో ఇద్దరు దిగారు. గట్టు మీద పేర్లు చదివారు. మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా సాగించారు. మొత్తం తొమ్మిది గంటలకు అటూ ఇటుగా 2,222 మంది. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు.

ఈ వార్త ప్రపంచమంతా పాకింది. దానితోపాటు రెండు వ్యాఖ్యానాలూ పాకాయి. మిషన్ సభల్లో ఇది పూర్తిగా ఆత్మ కార్యం అన్నారు, పెంతెకొస్తు దినంతో పోల్చారు. గిట్టనివాళ్లు బియ్యం కోసం కలిసిన క్రైస్తవులు అన్నారు. ఈ రెండు మాటలూ పైకి ఒకదానికొకటి ఎదురు. కానీ రెండూ చేసింది ఒకే అన్యాయం. మొదటిదానిలో కొండ మీద ప్రార్థన ఉంది, ఆకాశం నుంచి వచ్చిన జవాబు ఉంది, మధ్యలో దొర ఉన్నాడు. రెండోదానిలో ఆకలి ఉంది, బియ్యం ఉంది, మధ్యలో మళ్లీ దొరే ఉన్నాడు. పన్నెండేళ్లు ఎండలో పల్లె పల్లెకూ నడిచిన పేరయ్యలు రెండింటిలోనూ లేరు. నీళ్లలో నడుము దాకా మునిగి నిలబడ్డ ఆరుగురు బోధకులూ లేరు. ఆదివారం రానన్నందుకు దెబ్బలు తిన్నవాళ్లూ లేరు. ఆత్మే చేశాడని చెప్పడం భక్తే. కాని ఎవరి ద్వారా చేశాడో చెప్పకుండా వదిలేస్తే అది ఒక రకమైన ఎగవేత అవుతుంది. అపొస్తలుల కార్యముల గ్రంథం ఆత్మ గురించి ఎంత మాట్లాడినా, పేతురు పేరునూ ఫిలిప్పు పేరునూ లుదియ పేరునూ దాచలేదు.

మేమున్న ఛత్తీస్‌గఢ్‌లోనే దీని పక్కన పెట్టి చూడదగ్గ కథ ఇంకొకటి ఉంది. 1868లో ఆస్కర్ లోర్ అనే జర్మన్ మిషనరీ, అమెరికాలోని జర్మన్ ఎవాంజెలికల్ మిషన్ తరఫున రాయ్‌పూర్ ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడ చమార్ కులం నుంచి పుట్టిన సత్నామీలు ఉన్నారు. గురు ఘాసీదాస్ బోధ విని విగ్రహాలు విడిచి, సత్‌నామ్ అనే ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్లు. ఇంత దగ్గరగా ఉన్నవాళ్లు ఇట్టే క్రీస్తు దగ్గరికి వచ్చేస్తారని లోర్ ఆశపడ్డాడు. భూమి కొని విశ్రాంపూర్ ఊరు కట్టాడు. బడి పెట్టాడు, మందులిచ్చాడు. అదే దశాబ్దం, చర్మకార కులంగా ఊరు వెలివేసిన జనమే, శ్రమకు లోటు లేదు. అయినా అతను ఎదురుచూసిన వెల్లువ రాలేదు. విశ్వాసులు కొద్దికొద్దిగానే చేరారు. విశ్రాంపూర్‌లో మిషనరీ ఆ ఊరి మాల్‌గుజారు, అంటే భూస్వామి కూడా. సత్నామీలకు అప్పటికే సొంత గురువు, సొంత పంథ్, సొంత గౌరవం ఉన్నాయి. ఒంగోలులో దొరకన్నా ముందు పేరయ్య ఉన్నాడు, ఇక్కడ ఆ స్థానంలో ఘాసీదాస్ ఉన్నాడు. ఇది నాకు కనబడే చారిత్రక కారణం. విశ్వాసి మాత్రం ఆత్మ గాలి తనకిష్టమైన చోట వీస్తుందనే మాట గుర్తుచేసుకుంటాడు. రెండూ ఒకే సంగతికి రెండు వైపులని నేననుకుంటున్నాను. సాధనాలు ఎన్ని ఉన్నా ఫలితం మన చేతిలో ఉండదని విశ్రాంపూర్ చెప్తుంది. సాధనాలు వాడిన మనుషుల పేర్లు మరిచిపోతే ఫలితం గురించి అబద్ధం చెప్పినట్టేనని ఒంగోలు చెప్తుంది.

క్లౌ 1910లో అమెరికాలో చనిపోయాడు. అతని జీవితకథను రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ కూర్చింది. అంతకుముందే 1899లో మాదిగల గురువుల గురించి, వాళ్ల వెతుకులాట గురించి ఆమె వేరే పుస్తకం రాసింది. పేరయ్య గురించి మనకింత తెలుస్తోందంటే అది ఆమె పుణ్యమే. మిగతా బోధకుల్లో చాలామంది గురించి చదివే భాగ్యం మనకు లేదు.

అందుకే పాఠకులకు ఒక విన్నపం. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనైనా, బిలాస్‌పూర్‌లోనైనా, ఖరగ్‌పూర్‌లోనైనా, ఒంగోలు పల్లెల్లోనైనా మీ ఇంట్లో తాతల నాటి బాప్తిస్మం పత్రాలు, సంఘం రిజిస్టర్లు, బైబిలు మొదటి పేజీలో రాసుకున్న పేర్లు ఉంటే పాత కాగితాలతో కలిపి అమ్మేయకండి. మీ కుటుంబానికి మొదట సువార్త చెప్పిన మనిషి ఎవరు, ఏ ఊరివాడు, ఏ పని చేసి బతికేవాడు అన్నది పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. వచ్చే భాగంలో మన ఉత్తరాంధ్ర వైపుకు వెళ్దాం. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తెలుగు సంఘాలు ఇప్పటికీ పాడుకునే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కథ.